తనిఖీకి తలుపు తీద్దాం, దౌర్జన్యానికి కాదు!



సోలాపూర్ పవర్‌లూమ్ పేటల్లో ఖోలీల యజమానులు పాడే పాట ఒకటే: "ఇల్లు నాది, వైర్లు నావి, ఎప్పుడైనా వచ్చి చూసుకుంటాను." రాత్రి షిఫ్టు దిగిన మనిషి పడుకున్న వేళ వస్తారు. ఆడవాళ్ళు ఒంటరిగా బీడీలు చుట్టుకునే వేళ వస్తారు. వైరు వంక ఒకసారి చూస్తే, ఇంట్లో మనుషులెందరు, కొత్త సామానేమిటి అని పదిసార్లు చూస్తారు. మరుసటి నెల భాడె పెరుగుతుంది. ఇది భద్రతా తనిఖీనా, జప్తుకు ముందు లెక్కా?

దీనికి విసిగి మనవాళ్ళలో కొందరు "యజమానిని గడపే తొక్కనివ్వం" అంటున్నారు. వారి కోపం న్యాయమైనదే, దారి మాత్రం మనకే చేటు. ఇంటి కరెంటు 230 వోల్టులు. టేపు చుట్టిన అతుకు, ఫ్యూజులో కట్టిన లావు తీగ, ఎర్త్ లేని ప్లగ్గు, వానకు తడిసిన గోడ ఇవన్నీ ఉన్నది మన తలల మీదనే. పత్రాల ఇంట్లో ఒక్క వైరు తోలు ఊడి రేకుకు తగిలితే ఇల్లంతా కరెంటే. 2025 మే 18న మన ఊరి అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లోని తువ్వాళ్ళ మిల్లులో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. వారిలో యజమాని ఉన్నాడు, పసివాడు ఉన్నాడు, పనివాళ్ళు ఉన్నారు. షార్ట్ సర్క్యూటేనని మొదట అనుమానించారు. నిప్పుకు యజమాని ఎవరో, కిరాయిదారు ఎవరో తెలియదు.

కనుక తనిఖీ కావాలి. యజమాని కన్నా మనకే ఎక్కువ కావాలి. తగాదా తనిఖీ మీద కాదు, అది ఎవరి షరతుల మీద జరగాలన్న దాని మీద.

చట్టం ఏమంటుంది? 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 28వ సెక్షన్ యజమానికి ఇల్లు చూసే హక్కు ఇచ్చింది. అయితే ముందుగా నోటీసు ఇవ్వాలి, సబబైన వేళలో రావాలి. "ఎప్పుడైనా" అనే మాట అందులో లేదు. 14వ సెక్షన్ ప్రకారం ఇంటిని కాపురానికి పనికొచ్చేలా మరమ్మతులో ఉంచవలసింది యజమానే. పదిహేను రోజులకు తగ్గని నోటీసు ఇచ్చినా కదలకపోతే, మనమే బాగు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో పట్టుకోవచ్చు. అది ఏడాది అద్దెలో నాలుగో వంతు మించకూడదు. అడిగినందుకు కక్షగట్టి కరెంటు, నీళ్ళు కోయడాన్ని 29వ సెక్షన్ నిషేధించింది.

ఒక హెచ్చరిక: మరమ్మతులు కిరాయిదారువే అని కాగితం మీద రాయించుకుంటే 14వ సెక్షన్ అక్కరకు రాదు. చదివించుకోకుండా సంతకం పెట్టకండి, వేలిముద్ర వేయకండి. ఇక "కాగితమే లేదు, ఏం చేస్తావు?" అని బెదిరించే వారికి 55వ సెక్షన్ చూపించండి. కరారు రాయించి రిజిస్టరు చేయించే బాధ్యత యజమానిదే. అది లేనప్పుడు, తప్పని రుజువయ్యేదాకా, షరతుల విషయంలో కిరాయిదారు మాటే చెల్లుతుంది.

"మీరు హీటర్లు, కూలర్లు పెట్టి వైర్లు కాలుస్తున్నారు" అంటారు యజమానులు. ఒకే ప్లగ్గుకు మూడు సామాన్లు తగిలించడం తప్పే, అది మనం మానాలి. కానీ గోడలో కుళ్ళిన వైరు మనం వేసింది కాదు. దాని మీద నెలనెలా భాడె తినేది మనం కాదు.

ఇంగ్లండులో 2021 ఏప్రిల్ 1 నుంచి ప్రైవేటు అద్దె ఇళ్ళన్నిటిలో కనీసం అయిదేళ్ళకోసారి వైరింగు పరీక్ష చేయించడం యజమాని విధి. ఆ నివేదిక నకలు 28 రోజుల్లో కిరాయిదారు చేతికి రావాలి. మన అద్దె చట్టంలో చూసే హక్కు యజమానికి ఉంది, పరీక్ష చేయించి తీరాలన్న గడువు మాత్రం లేదు. ఈ లోటు పూడ్చమని ప్రభుత్వాన్ని అడగాలి. అంతవరకు పేటపేటలో మన డిమాండ్లు ఇవి:

1. తారీఖు, వేళ రాసి ముందే నోటీసు ఇవ్వాలి. షిఫ్టు చూసుకుని, ఇంటి పెద్ద ఉన్నప్పుడే రావాలి.

2. లైసెన్సు ఉన్న వైర్‌మన్‌ను తేవాలి. కంటితో చూసి పోవడం తనిఖీ కాదు.

3. దొరికిన లోపాలు కాగితం మీద రాసి ఒక నకలు మనకివ్వాలి.

4. బాగు చేసే ఖర్చు యజమానిదే. దాని పేరు చెప్పి భాడె పెంచరాదు, ఖాళీ చేయించరాదు.

5. ప్రతి ఖోలీకి ఎర్త్, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు కోసేసే బ్రేకర్ పెట్టాలి. మామూలు ఎం.సి.బి. వైరును కాపాడుతుంది, షాక్ తగిలిన మనిషిని కాదు.

ఒక్కొక్కరుగా అడిగితే "ఖాళీ చేయి" అంటారు. వరసలోని ఖోలీలన్నీ ఒకే నోటీసు మీద సంతకాలు పెడితే ఎవరిని ఖాళీ చేయిస్తారు? ఈ నెల పగారు రోజుకల్లా మీ వరస నోటీసు రాసి సంఘం ఆఫీసుకు తెండి. మరాఠీలో రాసిపెట్టే పని మనవాళ్ళు చూసుకుంటారు.

మగ్గం మీద దారం తెగితే ఆపి ముడి వేసేది మనమే. మన నెత్తి మీద వైరు తెగిందాకా చూస్తూ కూర్చుందామా?