మీ డిగ్రీకి ఇంకో ఓటుంది

పిల్లల సోషల్ పుస్తకంలో రాష్ట్ర శాసనసభల పాఠం వచ్చిందంటే మనం అంకెలు బట్టీ పట్టిస్తాం. తెలంగాణలో ఎమ్మెల్యేలు 119, ఎమ్మెల్సీలు 40. ఆంధ్రప్రదేశ్‌లో 175, 58. మార్కు వచ్చేస్తుంది, పుస్తకం మూసేస్తాం. ఈసారి మూసే ముందు మీ పిల్లలు ఒక ప్రశ్న అడగాలని నా కోరిక: "పట్టభద్రుల ఓటరు జాబితాలో నీ పేరుందా అమ్మా?"

శాసనమండలి ఉన్నవి దేశంలో ఆరు రాష్ట్రాలే. అందులో మనవి రెండు. పట్టభద్రులు నేరుగా ఎన్నుకునే స్థానాలు తెలంగాణలో 3, ఆంధ్రలో 5. టీచర్లకూ అన్నే. మిగతావారిని ఎమ్మెల్యేలు, స్థానిక సంస్థల ప్రతినిధులు ఎన్నుకుంటారు. కొందరిని గవర్నర్ నామినేట్ చేస్తారు.

డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటితే మీరు అర్హులే. అయితే మామూలు ఓటరు కార్డు సరిపోదు, ఫారం 18 విడిగా ఇవ్వాలి. ప్రతి ఎన్నికకూ జాబితా కొత్తగా తయారవుతుంది కాబట్టి, గతంలో ఓటేసినవారూ మళ్లీ దరఖాస్తు చేయాల్సిందే. బ్యాలెట్‌పై 1, 2, 3 అని ప్రాధాన్యం అంకెల్లో రాయాలి. టిక్కు పెడితే చెల్లదు. చదువుకున్నవాళ్లమే ఇక్కడ తప్పుతాం!

మండలి రాజకీయ నిరుద్యోగులకు పునరావాసమని కొందరంటారు. ఆంధ్ర మండలిని 1985లో రద్దు చేసి 2007లో తిరిగి తెచ్చారు కూడా. మండలి బిల్లును పూర్తిగా ఆపలేదు. మొదట మూడు నెలలు, సభ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకో నెల ఆలస్యం చేయగలదు, అంతే. కానీ ఆ వ్యవధిలోనే ప్రశ్నలు అడగవచ్చు. సభలు కూర్చునే రోజులు తక్కువైనప్పుడు అడిగే గొంతు ఇంకా అవసరం. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని రాజ్యాంగం పెట్టింది గరిష్ఠ హద్దు మాత్రమే. దాన్ని తీరిగ్గా వాడుకునే ప్రభుత్వాలు ఉంటాయి. ఒకటి నుంచి ఐదు తరగతుల బడి ఏడాదికి కనీసం 200 రోజులు నడవాలని విద్యాహక్కు చట్టం చెబుతుంది. సభ ఇన్ని రోజులు కూర్చోవాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు.

ఈ పత్రికలో ఫీజుల మాట ఎత్తడం కాస్త ఇబ్బందే. అయినా ఫీజుల మీద రాష్ట్రంలో ఏ చట్టం రావాలన్నా ఆ సభల్లోంచే రావాలి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మీ పిల్లల హైస్కూల్ టీచర్‌ను కూడా అడగండి, ఫారం 19 ఇచ్చారా అని. గత ఆరేళ్లలో మూడేళ్లు ఆ స్థాయిలో పాఠాలు చెప్పినవారికి ఆ ఓటుంది.