అవతలి కొసన ఎవరు?

ప్రపంచంలో అందరికంటె గొప్ప బౌలరు ఎవరని నలుగురి మధ్య ఒక్క మాట వేసి చూడండి. విస్తళ్ళలో అన్నం చల్లారిపోతుంది గాని తగవు తీరదు. బాట్స్‌మన్ సంగతైతే ఇంత గొడవ లేదు. బ్రాడ్మన్ పేరు చెప్పి, 99.94 అని సగటు కూడా చెప్పేస్తే ఎదుటివాడు మారుమాట్లాడడు. బౌలర్లలో అలా నోరు మూయించే అంకె ఏదీ లేదు.

ఈ విషయంలో మా ఇంట్లో మూడు పార్టీలున్నాయి. మా బావగారిది వికెట్ల పార్టీ. ఎక్కువ వికెట్లు తీసినవాడే గొప్ప, తక్కినవన్నీ కబుర్లే అంటారాయన. ఆ లెక్కన 133 టెస్టుల్లో 800 వికెట్లు తీసిన శ్రీలంక మురళీధరన్ తర్వాతే ఎవరైనా. మా పెద్దవాడిది సగటు పార్టీ. ఒక్కొక్క వికెట్టుకు ఎన్ని పరుగులు ఖర్చయ్యాయో చూడాలంటాడు. వాడు బాంకి ఉద్యోగి లెండి, ఖర్చు చూడందే ఏదీ ఒప్పుకోడు. మా ఆవిడది మూడో పార్టీ. “గెలిపించాడా లేదా, అది చెప్పండి ముందు” అంటుంది.

మూడింటిలోనూ నిజముంది. చిక్కూ ఉంది.

బావగారి లెక్కే ముందు చూద్దాం. ఇంగ్లండు బౌలరు సిడ్నీ బార్న్స్ 1901 నుంచి 1914 దాకా ఆడినవి 27 టెస్టులు, తీసినవి 189 వికెట్లు. మొత్తాలు కూడిన జాబితాలో ఆయన పేరు ఎంతో కిందికి దిగితే గాని కనబడదు. కాని 1913-14లో దక్షిణాఫ్రికా మీద నాలుగే టెస్టుల్లో 49 వికెట్లు తీశాడు. ఒక్క సిరీస్‌లో అంతకు మించి ఈనాటి వరకూ ఎవరూ తీయలేదు. ఆ రోజుల్లో టెస్టులాడే దేశాలే మూడు. ఆడని టెస్టుల్లో వికెట్లు ఎక్కణ్ణించి తెస్తాడు పాపం?

పోనీ, సగటు చూద్దాం. ఇంగ్లండుకే ఆడిన జార్జి లోమన్ 18 టెస్టుల్లో 112 వికెట్లు తీశాడు. వికెట్టుకు 10.75 పరుగులు! అయినా గొప్ప బౌలరు ఎవరంటే ముందుగా ఆయన పేరు చెప్పేవారు అరుదు. ఆనాడు పిచ్‌లను వానకు కప్పేవారు కాదు. తడిసిన నేల మీద ఎండ కాసిందంటే బంతి ఎటు లేస్తుందో దేవుడికే ఎరుక. పైగా ఆయన 1896లో మూడు టెస్టుల్లో 35 వికెట్లు కొల్లగొట్టిన దక్షిణాఫ్రికా జట్టు అప్పటికింకా ఆట నేర్చుకుంటున్నది. “ఖర్చు తక్కువే నాయనా, బజారులో ధరలు కూడా తక్కువే” అన్నాను మావాడితో. ఆ మాటకు మాత్రం నవ్వాడు.

ఇక మా ఆవిడ ప్రశ్న. 1956 నవంబరులో కలకత్తాలో మన హైదరాబాదు గులాం అహమ్మద్ ఆస్ట్రేలియా మీద ఒక ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7 వికెట్లు తీశాడు. అయినా ఇండియా 94 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఓటమికి ఆయన బంతుల్లో లోపమేమున్నది? పరుగులు తీయవలసినవారు తీయకపోతే బౌలరేం చేస్తాడు?

మరి దేనితో కొలవాలి? నా మట్టుకు నాకు అదే సంవత్సరం జులైలో మాంచెస్టర్‌లో జరిగిన ఇంకొక టెస్టు దారి చూపిస్తుంది. జిమ్ లేకర్ ఆస్ట్రేలియా మీద 90 పరుగులకు 19 వికెట్లు తీసిన ఆటే అది. పిచ్ అలా కలిసివచ్చింది గనుక తీశాడని కొందరంటారు. కలిసివచ్చిన మాట నిజమే. కాని అవతలి కొస నుంచి బంతులు వేసినది టోనీ లాక్. ఆయన సామాన్యుడా? టెస్టుల్లో 174 వికెట్లు తీసిన స్పిన్నరు. ఆ ఆటలో లేకర్ వేసినవి 68 ఓవర్లు, లాక్ వేసినవి 69. అదే పిచ్, అదే ఎండ, అవే బాట్లు. లాక్‌కు దక్కింది ఒకే ఒక వికెట్టు!

లేకర్ గొప్పతనానికి ఇంతకంటె సాక్ష్యం అక్కర్లేదు. ఒక బౌలరును తూచాలంటే నూరేళ్ళ కిందటివాడితోనో, వేరే దేశంలో ఆడినవాడితోనో కాదు, ఆ రోజు అదే పిచ్ మీద బంతి పట్టిన తక్కినవారితో తూచాలి. వారికి లొంగనిది ఇతనికి లొంగిందా అన్నదే నేను చూస్తాను.

అంతటితో లెక్క ముగిసిందా అంటే, లేదు. లాక్ రెండో ఇన్నింగ్స్‌లో వేసిన 55 ఓవర్లలో 30 మెయిడెన్లు. ఇచ్చినవి 69 పరుగులు. అవతలి వైపు పరుగులు ధారాళంగా వస్తూంటే బాట్స్‌మన్లు లేకర్ దగ్గర అంత ఇరుకున పడేవారా? ఈ పని వికెట్ల పట్టికకు ఎక్కదు.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మా చెల్లెలి కొడుకును ఈ మధ్య వాళ్ళ స్కూలు జట్టులోంచి తీసేశారు. ఎంపిక చేసినవారు వికెట్ల పట్టిక ఒక్కటే ముందు పెట్టుకున్నారట. వీడు ఒక కొస కట్టేసినట్టు బంతులు వేస్తుంటే, విసుగెత్తిన పిల్లలు రెండో కొసన బాటు ఝళిపించి అవుటయ్యారు. వికెట్లన్నీ రెండోవాడి ఖాతాలో పడ్డాయి. “మామయ్యా, ఇకనుంచి నేనూ అడ్డదిడ్డంగానే వేస్తాను” అన్నాడు వాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

వాడికి బాపూ నాద్‌కర్ణి సంగతి చెప్పాను. 1964 జనవరిలో మద్రాసులో ఇంగ్లండు మీద ఆయన ఒక ఇన్నింగ్స్‌లో 32 ఓవర్లు వేసి 5 పరుగులే ఇచ్చాడు. వరసగా 21 మెయిడెన్లు! వికెట్టు మాత్రం ఒక్కటీ లేదు. వికెట్లే లెక్కయితే ఆ రోజు ఆయన సున్న. కాని ఆ 21 ఓవర్ల సంగతి ఇంతకాలమైనా లోకం చెప్పుకుంటున్నది.

మన కళ్ళ ముందటిదీ ఒకటి చెప్పాను. 2024 డిసెంబరులో బుమ్రా 200 టెస్టు వికెట్లు పూర్తి చేసేటప్పటికి ఆయన సగటు ఇరవైకి లోపు. అంతకు ముందు ఏ బౌలరుకూ అది సాధ్యం కాలేదు. మరి 2025లో ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఆయన అయిదు టెస్టుల్లో మూడే ఆడాడు. అయిదూ ఆడినవాడు మన హైదరాబాదు సిరాజ్. వేసినవి 185 ఓవర్లకు పైమాట, తీసినవి 23 వికెట్లు. సగటు ముప్ఫై దాటింది. ఓవల్‌లో నాలుగో రోజున బ్రూక్ కొట్టిన బంతిని పట్టుకుని కూడా గీత తొక్కాడు, బ్రూక్ సెంచరీ చేశాడు. ఆ మర్నాడు ఉదయం ఇంగ్లండుకు కావలసినవి 35 పరుగులు, చేతిలో 4 వికెట్లు. అందులో మూడు సిరాజే తీశాడు. ఇండియా 6 పరుగుల తేడాతో గెలిచింది. బుమ్రాను తూచిన తక్కెడలో సిరాజ్‌ను తూస్తే తేలిపోతాడు. అలాగని ఆ ఉదయం వేసిన బంతులు తక్కువవా?

బావగారూ, మా పెద్దవాడూ ఇంకా ఒప్పుకోలేదు. మా ఆవిడ మాత్రం “ఓవల్‌లో గెలిపించాడుగా, చాలు” అంది. మీ ఇంట్లోనూ ఈ తగవు వచ్చినప్పుడు ఎవరైనా ఒక అంకె చెబితే, ఆ పిచ్ ఎలాంటిది, ఎదుట బాటు పట్టినదెవరు, అవతలి కొస నుంచి బంతులు వేసినదెవరు అని మూడు ప్రశ్నలు వేసి చూడండి. పిల్లల జట్లను ఎంపిక చేసే మాస్టర్లు కూడా పట్టిక మూసేముందు ఆ మూడో ప్రశ్న ఒక్కటైనా వేసుకుంటే బాగుంటుంది.