కష్టం కాలేయానిది, పేరు పసరుది

పచ్చకామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. ఆ జబ్బు పడి లేచినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, కనిపించదు. గోడకు వేసిన సున్నం తెల్లగానే ఉంటుంది, కంచంలో అన్నమూ తెల్లగానే ఉంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళకే మనం పచ్చగా కనిపిస్తాం. సరే, సామెతతో ఎవరికీ నష్టం లేదు. నా తగువు ఇంకో మాటతో. "కామెర్లకు ఇంగ్లీషు మందు లేదు, పసరే దిక్కు."

ఈ మాట ఊళ్ళో ముసలమ్మలే అంటున్నారనుకోకండి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులంటారు, బళ్ళో సైన్సు చెప్పే మాస్టారంటారు. మందుల షాపు నడుపుతున్న మనిషే చీటీ తిరిగిచ్చేసి, పసరు పోసే ఊరి పేరూ, బస్సు ఎక్కడ దిగాలో, ఏ వారం పోస్తారో చెప్పి పంపడం నేను కళ్ళారా చూశాను.

నేనూ తాగాను. అప్పుడు ఎనిమిదో తరగతి. తెల్లవారుజామున నాన్న సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. మేం వెళ్ళేసరికే ఆ ఇంటి అరుగు నిండిపోయింది. ఆకు నూరి, గుడ్డలో వేసి పిండి, ఆ చిక్కటి రసాన్ని మేకపాలలో కలిపి ఒకే ఇత్తడి గ్లాసుతో అందరికీ వరసగా పోస్తున్నారు. పరగడుపున తాగాలి, కక్కకూడదు. కక్కితే మళ్ళీ వచ్చే ఆదివారమే. ఉప్పు, నూనె, పసుపు, చింతపండు ముట్టకూడదు. ఆ పెద్దాయన పైసా పుచ్చుకోలేదు, కొబ్బరికాయ ఒక్కటి చాలన్నాడు. మూడు వారాలకు కళ్ళు తెల్లబడ్డాయి. మా అమ్మ ఇప్పటికీ ఆయన్ని తలుచుకుని దణ్ణం పెట్టుకుంటుంది. అమ్మ దణ్ణంతో నాకు పేచీ లేదు. అది చేరాల్సిన చోటికి చేరడం లేదన్నదే నా బాధ.

కామెర్లు జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. ఒంట్లో ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. ఆయువు తీరిన కణం విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పచ్చటి పదార్థం పుడుతుంది. కాలేయం దాన్ని పట్టుకుని, నీళ్ళలో కరిగేలా మార్చి, పైత్యరసంతో కలిపి పేగుల్లోకి వదులుతుంది. మలానికి ఆ రంగు వచ్చేది దీనివల్లే. కణాలు మరీ ఎక్కువగా విరిగినా, కాలేయం వాచినా, పైత్యరసం పారే గొట్టానికి ఏదైనా అడ్డుపడినా ఆ పచ్చదనం రక్తంలోనే నిలిచిపోయి కళ్ళలోకి వస్తుంది. జ్వరం అన్నంత మాత్రాన అది మలేరియానో టైఫాయిడో ఎలా తేలదో, కామెర్లన్నంత మాత్రాన కూడా ఏమీ తేలదు. అన్నిటికీ ఒకే ఆకు ఎలా పనిచేస్తుందని మాత్రం ఎవరూ అడగరు.

మన వైపు పిల్లలకూ పడుచువాళ్ళకూ వచ్చే కామెర్లలో ఎక్కువ భాగం హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరస్‌లవి. రెండూ మురుగు కలిసిన నీళ్ళతో వస్తాయి. 1955-56లో ఢిల్లీలో యమున నీటిలో మురుగు కలిసి వేలమందికి ఒక్కసారిగా కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్-ఇ అని తేలింది ఎన్నో ఏళ్ళ తర్వాత. ఈ రెండింటిలోనూ ఒళ్ళు తనంతట తానే వైరస్‌ను తరిమేస్తుంది. విరిగిన చోట కాలేయం మళ్ళీ చిగురిస్తుంది. అందుకు కొన్ని వారాలు పడుతుంది. ఇంకో సంగతి ఉంది. హెపటైటిస్-ఎ లో మొదట జ్వరం, వాంతులు, అన్నం వాసనే పడకపోవడం. కళ్ళు పచ్చబడే వేళకు అవి చాలావరకు నెమ్మదిస్తాయి. అంటే మనం పసరుకు బయలుదేరే రోజుకే జబ్బు తిరుగుముఖం పట్టి ఉంటుంది. పసరు తాగిన మర్నాడు ఆకలి వేసిందంటే, తాగకపోయినా వేసేదే.

ఇక్కడ డాక్టర్లను కూడా నిలదీయాలి. "దీనికి మందు అక్కర్లేదు, విశ్రాంతి చాలు" అనడానికీ, "దీనికి మందు లేదు" అనడానికీ ఎంత తేడా! ఓపీలో ఆ తేడా విడమరిచి చెప్పే తీరిక ఎవరికీ లేదు. లేదన్న ముక్క ఒక్కటే చెవిన పడి రోగి ఇంటికొస్తాడు, వీధి చివర ఆర్‌ఎంపీ ఒక సెలైన్ ఎక్కిస్తాడు, ఆదివారం పసరు అరుగు ఉండనే ఉంది. అరుగు మీద పెద్దాయన కనీసం చెయ్యి పట్టుకుని చూస్తాడు, నాలుగు మాటలు చెబుతాడు.

ఆకుల మీద నాకు పగేమీ లేదు. నేల ఉసిరినే తీసుకుందాం. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో నిలిచిపోయిన 37 మందికి నేల ఉసిరి పొడి ఇస్తే 22 మంది రక్తంలో ఆ వైరస్ గుర్తు మాయమైంది, ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ వ్యాసం రాసినవారిలో హెపటైటిస్-బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా ఉన్నారు. కాబట్టి నాటుమందును సైన్సు పట్టించుకోలేదని ఎవరూ అనలేరు. తర్వాత వేరే చోట్ల పరీక్షిస్తే ఆ ఫలితం మళ్ళీ రాలేదు. ఆకు ఓడిపోయింది, అంతే. దాన్ని గెలిచిందని చెప్పుకుంటున్నది మనం.

పథ్యం మాట వేరే. పసుపు పచ్చగా ఉంటుంది కాబట్టి కామెర్లలో తినకూడదట! ఆ లెక్కన నెత్తురు పోయేవాడికి టమాటా పెట్టకూడదు. కోలుకుంటున్న కాలేయానికి కావలసింది తిండి. సయించినది కడుపునిండా తినాలి, సారా మాత్రం ముట్టకూడదు. రోడ్డు పక్కన ఐసు వేసిన చెరకురసం చలవ చేస్తుందని తాగిస్తారు చూడండి, ఆ ఐసు ఏ నీళ్ళదో ఎవరికీ తెలియదు.

తనంతట తగ్గేదానికి ఏం తాగితే ఏమిటిలే అనేవాళ్ళ కోసం మా మేనమామ సంగతి చెప్పాలి. అరవై దాటినవాడు. నొప్పి లేదు, జ్వరం లేదు, కళ్ళు పసుపుముద్దలు. ఒళ్ళంతా దురద. వీపు అందక గుమ్మానికేసి రుద్దుకునేవాడు, రాత్రిళ్ళు ఆ చప్పుడు పక్క గదిలోకి వినిపించేది. దొడ్డికి సున్నపు రంగులో వస్తోందని అత్తయ్యతో అన్నాడట. పథ్యం గట్టిగా చేస్తున్నాడు కదా, అందుకే అనుకున్నారు. రెండు నెలల్లో మూడు ఊళ్ళ పసరు, ముంజేతి మీద ఒక వాత. బట్టలు వదులైతే పథ్యం పనిచేస్తోందన్నారు. చివరికి స్కానింగ్ తీస్తే క్లోమంలో గడ్డ, పైత్యరసం గొట్టాన్ని నొక్కేసి ఉంది. ఆపరేషన్ వేళ దాటిపోయిందన్నారు. మొదటివారంలో వచ్చి ఉంటే బతికేవాడా అంటే నేను చెప్పలేను. ఆ రెండు నెలలు మాత్రం ఆయనవే, మనం తాగించేశాం.

అసలు "మందు లేదు" అన్న మాటే నిజం కాదు. హెపటైటిస్-సి మాత్రలతో సాధారణంగా 12 వారాల్లో నయమవుతోంది. హెపటైటిస్-బి ని అదుపులో పెట్టే మందులున్నాయి, రాకుండా టీకా ఉంది. ఆ టీకాను మన దేశంలో మొదటిసారి తయారుచేసి 1997లో బజారుకు తెచ్చింది మన హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితంగా వేస్తారు. మలేరియా వల్ల కళ్ళు పచ్చబడితే మలేరియాకు మందుంది. గొట్టంలో రాయి అడ్డుపడితే తీసేస్తారు. నిండు గర్భిణికి హెపటైటిస్-ఇ వస్తే నూటికి 20 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉంది. ఆమెను వారం కోసం ఆపి అరుగు మీద కూర్చోబెట్టడం నేరం. నేను ఇంకో మాట వాడను. కామెర్ల రోగి పగలంతా మగతగా పడుకున్నా, పొంతన లేకుండా మాట్లాడినా, చిగుళ్ళలో నెత్తురు కనిపించినా ఇక గంటలే లెక్క.

మీ చుట్టుపక్కల ఎవరి కళ్ళయినా పచ్చబడితే పసరు ఊరి అడ్రసు చెప్పకండి. సిగ్గుపడకుండా ఒక్కటి అడగండి, దొడ్డి ఏ రంగులో వస్తోందని. సున్నంలా ఉందంటే ఆ రోజే స్కానింగ్‌కు పంపండి. మామూలుగానే ఉందన్నా రక్తపరీక్ష చేయించి డాక్టరుకు చూపించమనండి.