రౌటర్లు రెండున్నా.. స్తంభం ఒక్కటైతే?

ఉప్పల్‌ను ఆనుకునే ఉంటుంది రామంతాపూర్. 2025 ఆగస్టు 17 రాత్రి అక్కడ కృష్ణాష్టమి శోభాయాత్రలో రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత కరెంటు స్తంభాలకు వేలాడుతున్న ఇంటర్నెట్, కేబుల్ టీవీ తీగల్ని డిస్కం సిబ్బంది కత్తిరించడం మొదలుపెట్టారు. నగరంలో చాలాచోట్ల నెట్ ఆగిపోయింది. భారతీ ఎయిర్‌టెల్ హైకోర్టుకు వెళ్లింది. తీగలు అలా వేలాడటం ప్రాణాలకు ముప్పే, అందులో రెండో మాట లేదు. అయితే నెట్‌వర్క్ ఉద్యోగాలకు సిద్ధమయ్యేవాళ్లు ఇక్కడ ఓ ప్రశ్న వేసుకోవాలి. బ్యాకప్ పెట్టుకున్న ఆఫీసుల్లోనూ నెట్ ఎందుకు పోతుంది?

కాగితం మీద డబుల్

నాచారం పారిశ్రామికవాడలో ఓ చిన్న కంపెనీ ఉందనుకుందాం. రెండు రౌటర్లు, ఇద్దరు ఆపరేటర్ల నుంచి రెండు లైన్లు. చూడటానికి అంతా పక్కాగానే ఉంది. కానీ ఆ రెండు ఫైబర్లూ ఒకే స్తంభం మీదుగా వస్తుంటే, ఒక్క కోతతో రెండూ పోతాయి. రెండు పవర్ సప్లైలున్న స్విచ్‌ను ఒకే యూపీఎస్‌కు కలిపినా ఇదే కథ. ఏ ఒక్కటి పోతే మొత్తం ఆగిపోతుందో, దాన్నే ‘సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్’ అంటారు.

రౌటర్ బతికే ఉంది, నెట్ లేదు

సిస్కో రౌటర్లలో హెచ్‌ఎస్‌ఆర్‌పీ అనే ప్రోటోకాల్ ఉంటుంది. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి ఉన్నచోట వీఆర్‌ఆర్‌పీ వాడతారు. రెండు రౌటర్లూ కలిసి ఒకే వర్చువల్ ఐపీని గేట్‌వేగా చూపిస్తాయి. హెచ్‌ఎస్‌ఆర్‌పీలో యాక్టివ్ రౌటర్ మామూలుగా 3 సెకన్లకోసారి హలో పంపుతుంది. 10 సెకన్లు హలో రాకపోతే స్టాండ్‌బై పని అందుకుంటుంది.

చిక్కు ఎక్కడంటే.. వీధిలో తీగ తెగినా లోపలి రౌటర్‌కు ఏమీ కాదు. హలోలు వెళ్తూనే ఉంటాయి. స్టాండ్‌బై అంతా బాగుందనుకుని కదలదు. అందుకే ట్రాకింగ్ పెట్టాలి. ఆపరేటర్ బాక్స్ అవతల తీగ తెగితే పోర్ట్ అప్‌లోనే కనిపిస్తుంది. కాబట్టి ఐపీ ఎస్‌ఎల్‌ఏతో బయటి అడ్రస్‌ను పింగ్ చేస్తూ ఉండాలి. పింగ్ ఆగితే యాక్టివ్ ప్రయారిటీ మామూలుగా 10 తగ్గుతుంది. యాక్టివ్‌ది 105, స్టాండ్‌బైది 100 అయితే 95కి పడిపోతుంది. స్టాండ్‌బైలో ప్రీఎంప్ట్ ఆన్ చేసి ఉంటే అది ముందుకొస్తుంది. అదే యాక్టివ్‌కు 120 ఇచ్చి ఉంటే? 110కి తగ్గినా ఇంకా అదే పెద్ద. ఏ మార్పూ జరగదు!

ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

హెచ్‌ఎస్‌ఆర్‌పీ పూర్తి పేరు చెప్పడం అందరికీ వచ్చు. అది ఎప్పుడు పనిచేయదో చెప్పగలిగితే మీ జవాబు వేరుగా నిలుస్తుంది. 99.99 శాతం అందుబాటు అంటే ఏడాది మొత్తంలో సుమారు 52 నిమిషాలే ఆగాలి. 99.9 అయితే దాదాపు 8 గంటల 45 నిమిషాలు. ఈ లెక్క నోటికి వచ్చి ఉండాలి. గేట్‌వే రిడండెన్సీ, ఈథర్‌ఛానెల్, ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ.. మూడూ సీసీఎన్‌ఏ సిలబస్‌లోనివే.

సాధనకు డబ్బు ఖర్చు అక్కర్లేదు. ఉచితంగా దొరికే ప్యాకెట్ ట్రేసర్‌లో రెండు రౌటర్లతో హెచ్‌ఎస్‌ఆర్‌పీ పెట్టండి. ముందు యాక్టివ్ రౌటర్‌ను ఆపి చూడండి. తర్వాత దాన్ని ఆన్‌లోనే ఉంచి, ఆపరేటర్ స్విచ్ అవతలి లింక్ తెంపండి. రెండు ఫలితాలకూ తేడా ఎందుకొచ్చిందో మీ మాటల్లో రాసుకోండి. ఉద్యోగంలో చేరాక కూడా, ర్యాక్‌లో ఎన్ని పెట్టెలున్నాయో లెక్కపెట్టి ఊరుకోకండి. తీగలు ఏ దారిన వస్తున్నాయో బయటికెళ్లి చూసి రండి.