గోదా దాటాక జాగ్రత్త

తెనాలి నుంచి ఒక తల్లి ఉత్తరం వ్రాశారు. "డాక్టరు గారూ, మా అబ్బాయి ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. నలుగురు స్నేహితులు కలిసి బాంకాక్ వెళుతున్నారు. అక్కడ మోకాళ్లతో, మోచేతులతో కొట్టుకునే బాక్సింగు చూసి, ఆ రాత్రంతా ఊళ్లో తిరుగుతారట. వద్దంటే వినే వయసు కాదు. ఏం చెప్పి పంపమంటారు?"

వెళ్లవద్దని నేనూ చెప్పను. హైదరాబాదు నుంచి విమానంలో సుమారు మూడున్నర గంటల ప్రయాణం. కుర్రవాళ్లే కాదు, ఎరువుల కంపెనీలు, సిమెంటు కంపెనీలు పంపే టూర్లలో నలభై, యాభై ఏళ్ల డీలర్లు కూడా వెళ్లివస్తున్నారు. రక్తపుపోటు, చక్కెర వ్యాధి మాత్రలు జేబులో ఉండే వయసది. కనుక ఈ జవాబు వారికి కూడా.

ముందు ఆ ఆట సంగతి తెలుసుకుందాం. దాని పేరు ముయే థాయ్. పిడికిళ్లు, మోచేతులు, మోకాళ్లు, పాదాలు, మొత్తం ఎనిమిదింటితో కొట్టవచ్చు. బాంకాక్‌లో దీనికి రెండు పేరుపడ్డ స్టేడియాలున్నాయి. రాజదమ్నర్న్ 1945లో ప్రారంభమయింది. 1956లో వచ్చిన లుంపినీ, 2014లో ఊరి ఉత్తరాన కొత్త చోటికి మారింది. పోటీకి ముందు ఆటగాళ్లు గోదాలో నెమ్మదిగా చుట్టూ తిరుగుతూ గురువుకు నమస్కరిస్తారు. దాన్ని 'వాయ్ క్రూ' అంటారు. ఆ 'క్రూ' మన 'గురు' శబ్దమే. నాదస్వరం వంటి వాద్యం, డోళ్లు, చిన్న తాళాలు మోగుతూ ఉండగా పోటీ సాగుతుంది. దెబ్బల జోరు పెరిగేకొద్దీ వాద్యాల వేగమూ పెరుగుతుంది. చూసేవాడి ఒళ్లు తెలియకుండానే బిగుసుకుంటుంది.

ఇంత దెబ్బలాటలోనూ ఒక కట్టుబాటు ఉంది. సంప్రదాయ పోటీలో మూడేసి నిమిషాల చొప్పున ఐదు రౌండ్లు. రౌండుకూ రౌండుకూ మధ్య రెండు నిమిషాల విశ్రాంతి. పడిపోయినవాణ్ణి మళ్లీ కొట్టకుండా అడ్డుపడి, అంకెలు లెక్కపెట్టే రిఫరీ. పక్కనే డాక్టరు. చివరి గంట కొట్టగానే ఇద్దరూ ఇంటికి. ఆ కట్టుబాటు సడలినచోట ఏమవుతుందో 2018లో తెలిసింది. బాంకాక్ పక్కనున్న సముత్ ప్రకాన్‌లో పదమూడేళ్ల బాలుడు పోటీలో తలకు వరుస దెబ్బలు తగిలి, మెదడులో రక్తస్రావమై చనిపోయాడు.

స్టేడియం బయటకు వచ్చాక మీకు రౌండు లేదు, విశ్రాంతి లేదు, రిఫరీ లేడు, డాక్టరు లేడు. అందుకే నేను భయపడేది గోదాలోని రెండు గంటల గురించి కాదు, ఆ తర్వాత తెల్లవారేదాకా ఉన్న గంటల గురించి.

ఉద్రేకం ఊరికే పోదు

పోటీ చూస్తున్నప్పుడు మీ గుండె కూడా ఆటగాడి గుండెతో పాటు పరుగెత్తుతుంది. అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. 2006లో జర్మనీలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతపు డాక్టర్లు ఒక లెక్క తీశారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో గుండె సంబంధమైన అత్యవసర కేసులు మామూలు రోజులకంటే రెండున్నర రెట్లు దాటాయి. వాళ్లంతా ఆడినవాళ్లు కారు, చూసినవాళ్లు. గుండెజబ్బు ఉన్నవారు ఆ రోజు మాత్రలు మానకూడదు. అరుపులూ, ఉక్కపోతా ముగిశాక ఒక అరగంట కూర్చుని, నీళ్లు తాగి, కడుపునిండా తినండి. ఆ తర్వాతే తక్కిన కార్యక్రమం. ఖాళీ కడుపున పడ్డ మద్యం రక్తంలోకి చాలా వేగంగా ఎక్కుతుంది.

లెక్క తెలిసి తాగండి

తాగకపోతే అన్నిటికంటే మంచిది. తాగేవారు లెక్కయినా తెలుసుకోవాలి. నూటికి ఐదు పాళ్ల ఆల్కహాలు ఉన్న పెద్ద బీరు సీసాలో సుమారు 25 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. మన కాలేయం గంటకు ఏడెనిమిది గ్రాములకు మించి ఖర్చు చేయలేదు. అంటే ఒక్క సీసాకు మూడు గంటలు. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా, వాంతి చేసుకున్నా రక్తంలో చేరిపోయినదాన్ని కాలేయం అంతకంటే త్వరగా ఖర్చు చేయదు.

యాత్రికులు తిరిగే వీధుల్లో చిన్న ప్లాస్టిక్ బకెట్టులో మద్యం, కోలా, ఉత్తేజక పానీయం కలిపి గొట్టాలు వేసి ఇస్తారు. అందులో 40 పాళ్ల మద్యం 300 మిల్లీలీటర్లు పోశారనుకోండి. ఆల్కహాలే దాదాపు 95 గ్రాములు. అర్ధరాత్రి తాగితే మర్నాడు మధ్యాహ్నందాకా రక్తంలో ఉంటుంది. తీపి వల్ల ఘాటు తెలియదు. ఉత్తేజక పానీయంలోని కెఫీన్ వల్ల మత్తు ఎక్కినట్టు తోచదు. మనిషి తూలడం మానడు, తూలుతున్నానని తెలుసుకోవడం మాత్రం మానేస్తాడు.

కల్తీ సారా అక్కడా ఉంది

థాయిలాండులో మూలికలు నానబెట్టిన 'యా డాంగ్' అనే సారా వీధి బండ్ల మీద అమ్ముతారు. 2024 ఆగస్టులో బాంకాక్‌లో అందులో మిథనాల్ కలిసి కొందరు చనిపోయారు. అదే సంవత్సరం నవంబరులో పొరుగుదేశమైన లావోస్‌లో, వాంగ్ వియెంగ్ అనే యాత్రికుల ఊళ్లో, ఆరుగురు విదేశీయులు ఇదే విషానికి బలయ్యారు. మనకూ ఇది కొత్త కాదు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో అరవై మందికి పైగా చనిపోయింది మిథనాల్ వల్లనే.

వాసన చూసి, రుచి చూసి మిథనాల్‌ను ఎవరూ కనిపెట్టలేరు. తాగగానే మామూలు మత్తులాగే ఉంటుంది. శరీరం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మార్చడానికి సమయం పడుతుంది గనుక అసలు లక్షణాలు 12 నుంచి 24 గంటల తర్వాత బయటపడతాయి. తలనొప్పి, కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, కళ్లు మసకబారి మంచులోంచి చూస్తున్నట్టు ఉండడం. 'రాత్రి ఎక్కువైంది, హాంగోవరు' అనుకుని గదిలో పడుకుంటే చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. తాగిన మర్నాడు చూపు మసకబారితే అదే క్షణంలో పెద్ద ఆస్పత్రికి వెళ్లండి. విరుగుడు మందు ఉంది, డయాలిసిస్ ఉంది. వేళకు చేరినవారు బతుకుతారు. మూత తీయని సీసా మీ కళ్లముందు తీయించుకోండి. సీసా లేని సారా, ఎవరో ఊరికే ఇచ్చిన గ్లాసు ముట్టకండి. మీ గ్లాసు వదిలి వెళ్లి మళ్లీ వచ్చి తాగకండి.

చక్కెర వ్యాధి ఉన్నవారికి

ఇన్సులిన్ వేసుకునేవారు, గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారు ఈ పేరా రెండుసార్లు చదవండి. తిండి ఆలస్యమైనప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా కాపాడేది కాలేయం. మద్యం ఉన్నంతసేపూ అది ఆ పని సరిగా చేయలేదు. రాత్రి తాగితే తెల్లవారుజామున చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబడే మాట, తిక్క ప్రవర్తన కనిపిస్తాయి. చూసేవాడికి అచ్చం తాగినవాడిలాగే ఉంటాడు. మీకు చక్కెర వ్యాధి ఉన్నదని వెంట ఉన్నవారికి ముందే చెప్పండి. తెలివిగా ఉంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇక నిద్రమాత్రలు వాడేవారు ఆ రాత్రి మద్యం తాకనే కూడదు. రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

"తాగి పడుకున్నాడు లెండి"

ప్రభుత్వాస్పత్రి కాజువాలిటీలో పాతికేళ్లుగా నేను వింటున్న మాట ఇది. వెంట వచ్చిన స్నేహితులు దుర్మార్గులు కారు. మోటారు సైకిలు మీంచి పడ్డాడు, లేచాడు, మాట్లాడాడు, రెండిడ్లీలు కూడా తిన్నాడు. తర్వాత గురకపెట్టి పడుకున్నాడు. తాగాడు గదా, పొద్దున్నకు లేస్తాడనుకున్నారు. తలకు దెబ్బ తగిలాక పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం మెల్లగా చేరుతున్నప్పుడు మనిషి కొన్ని గంటలు బాగానే ఉండి, ఆ తర్వాత మగతలోకి జారిపోతాడు. గంటలోపల తెస్తే మేము చేయగలిగింది చాలా ఉంటుంది. తెల్లవారాక తెస్తే కొద్దిగానే ఉంటుంది.

అందుచేత ఈ లక్షణాలు గుర్తుంచుకోండి. పెరుగుతున్న తలనొప్పి, మళ్లీ మళ్లీ వాంతులు, పిలిస్తే పలకకపోవడం, మూర్ఛ, ఒక కంటిపాప పెద్దది కావడం, చెవిలోంచి గానీ ముక్కులోంచి గానీ రక్తమో నీరో కారడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా స్కానింగు అవసరం. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడేవారు చిన్న దెబ్బకు కూడా చూపించుకోవాలి. తలదెబ్బకు ఆస్పిరిన్ మింగవద్దు.

దెబ్బ తగలకపోయినా, మత్తులో పడుకున్నవాణ్ణి వెల్లకిలా వదిలిపెట్టకండి. వాంతి గొంతుకు అడ్డుపడి ఊపిరాడక చనిపోతారు. పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టి ఒకరు దగ్గర కూర్చోండి. గిల్లినా లేవకపోతే, ఊపిరి నెమ్మదించినా ఆగి ఆగి వస్తున్నా, ఒళ్లు చల్లబడినా ఆలోచించవద్దు. థాయిలాండులో వైద్య సహాయానికి 1669, యాత్రికుల పోలీసుకు 1155 నంబర్లు. ఈ రెండూ బయలుదేరేముందే ఫోనులో వ్రాసుకోండి.

మీరే గోదాలోకి దిగితే

ఫీఫీ దీవి వంటి చోట్ల కొన్ని బార్లలోనే గోదా ఉంటుంది. తాగినవాళ్లను పిలిచి, గ్లవ్సు తొడిగి, ఒకరితో ఒకరిని కొట్లాడిస్తారు. గెలిచినా ఓడినా ఒక బకెట్టు మద్యం బహుమతి. స్టేడియం ఆటగాడు ఏళ్ల తరబడి మెడ కండరాలు పెంచుకున్నవాడు. దెబ్బ వచ్చేది చూసి తల తప్పించగలడు. మత్తులో ఉన్నవాడు తప్పించుకోలేడు, పడేటప్పుడు చేతులు ఆనించుకోలేడు, తల నేరుగా నేలకు కొట్టుకుంటుంది. మత్తులో తగిలిన దెబ్బలకు చాలా ప్రయాణ బీమాలు డబ్బు ఇవ్వవన్నది కూడా గుర్తుంచుకోండి. నేర్చుకోవాలని ఉంటే పగలు శిక్షణశాలకు వెళ్లి తాగకుండా నేర్చుకోండి.

తెల్లారేలోగా మరి రెండు మాటలు

థాయిలాండులో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవారిలో ఎక్కువమంది ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవారే. అర్ధరాత్రి అద్దె స్కూటరు వద్దు. మోటారు సైకిలు టాక్సీ ఎక్కితే హెల్మెట్టు అడిగి పెట్టుకోండి. నలుగురూ కలిసి కారు టాక్సీలో వెళ్లడం అన్నిటికంటే మేలు.

రెండోది చెప్పడానికి మొహమాటపడితే వైద్యం సాగదు. అపరిచితులతో సంపర్కం మానండి. మానలేనివారు కండోము మరవకండి. మత్తులో ఆ జాగ్రత్త లేకుండా పోతే, హెచ్.ఐ.వి. అంటకుండా చేసే మందులున్నాయి. 72 గంటల లోపల, ఎంత త్వరగా అయితే అంత త్వరగా మొదలుపెట్టి, 28 రోజులు వాడాలి. ఆ గడువు దాటాక వస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. సిగ్గుపడి దాచకండి. డాక్టరుకు మీ శీలంతో పనిలేదు. పరీక్షలు పూర్తయి డాక్టరు సరే అనేదాకా ఇంట్లో కూడా కండోము వాడండి. మీ తప్పుకు మీ భార్య శిక్ష అనుభవించకూడదు.

రిఫరీని వెంట తీసుకువెళ్లండి

ఇన్ని జాగ్రత్తలు రాత్రి పదింటికి గుర్తుండవు. అందుకే బయలుదేరేముందు, అందరూ తెలివిగా ఉన్నప్పుడే, ఒక ఏర్పాటు చేసుకోండి. నలుగురిలో ఒకరు ఆ రాత్రి తాగకూడదు. అతనే రిఫరీ. ఎవరెన్ని తాగారో అతనికి లెక్క తెలియాలి. గంటకొకసారి తలలు లెక్కపెట్టాలి. చాలు అన్నాడంటే చాలు. హోటలు పేరు థాయి భాషలో వ్రాసిన చీటీ, మీ జబ్బులూ మందుల పేర్లూ వ్రాసిన చీటీ ప్రతి ఒక్కరి జేబులో ఉండాలి. మర్నాటి రాత్రి వేరొకరు ఆ పని చేస్తారు. అలా ఎవరి సరదాకూ లోటు రాదు.

ఇంకొక మాట. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు నడుస్తుంది. అక్కడ ఒంటిగంటయినా మీ ఒంటికి పదకొండున్నరగానే ఉంటుంది. నిద్ర రాలేదు కదా అని ఇంకో రౌండు మొదలుపెట్టకండి. నిద్ర వచ్చేదాకా ఆగకండి. చేతి గడియారం అక్కడి టైముకు మార్చుకుని, పన్నెండు కొట్టేసరికి గదికి చేరండి.