గుండెపోటు నుంచి తేరుకుని ఇంటికి వచ్చాక

గుండెపోటు వచ్చిన మనిషి నిజామాబాద్‌లోనో, హైదరాబాద్‌లోనో స్టెంట్ వేయించుకుని కొద్ది రోజులకు నందిపేట్ చేరుకుంటాడు. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెల్లించుకుంటారు. అయితే ఆసుపత్రిలో నర్సులు వంతులవారీగా చేసిన పని ఇకపై ఇంట్లో ఒక్కరి మీదే పడుతుంది. మన ప్రాంతపు కుమారులు ఎందరో గల్ఫ్ దేశాల్లో ఉన్నారు గనుక ఆ ఒక్కరు తరచు భార్య, లేదా కోడలు.

ఆమె కంటికి రెప్పలా కాపాడవలసినవి రెండు మాత్రలు: ఆస్పిరిన్, దానికి తోడుగా ఇచ్చే క్లోపిడోగ్రెల్ వంటి మరొకటి. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఆపేవి ఇవే. సాధారణంగా రెండింటినీ ఏడాది పాటు వాడమంటారు. నెల తిరిగేసరికి రోగి బజారు దాకా నడుస్తాడు. నొప్పి కనిపించదు, మందుల ఖర్చు కనిపిస్తుంది. "బాగానే ఉన్నాను కదా, ఇంకా ఎందుకు?" అనే మాట అప్పుడే పుడుతుంది. పన్ను తీయించుకోవడానికైనా సరే, గుండె వైద్యుణ్ణి అడగకుండా వాటిని ఆపితే స్టెంట్ హఠాత్తుగా మూసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు.

దుఆ ఉండగా మందులెందుకనే వారూ ఉన్నారు. హజ్రత్ సఅద్ (రజి) జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (స) ఆయన ఛాతీపై చేయి వేసి, అది గుండె జబ్బని చెప్పి, సఖీఫ్ తెగకు చెందిన వైద్యుడు హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్లమన్నారని సునన్ అబూ దావూద్‌లో ఉంది. ఆ ఆదరణ, ఆ వైద్య సలహా రెండూ ఒకే పరామర్శలో జరిగాయి.

మన ఊళ్లలో చాలా ఇళ్లలో స్త్రీలు బీడీలు చుడతారు. పొగ మానవలసిన రోగికి చేతికందే దూరంలోనే పొగాకు చాట! ఆ పని మానేయమనడం సులభం. ఆ సంపాదనతోనే మందులు కొనే ఇల్లాలికి ఆ మాట చెప్పలేము. చాటను వేరే గదికి మార్చడం, ఇంట్లో ఎవరూ వెలిగించకపోవడం మాత్రం సాధ్యమే. ఉప్పు విషయంలోనూ అంతే: కూరలో తగ్గించి, పక్కన ఊరగాయ, అప్పడం వడ్డిస్తే ఫలితముండదు.

రోజూ ఉదయం మూత్రవిసర్జన తరువాత, ఏమీ తినకముందే బరువు చూసి రాసిపెట్టాలి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ఒంట్లో నీరు చేరుతోందని అనుమానించి వెంటనే వైద్యుణ్ణి సంప్రదించాలి.

నిలబడలేనివారు కూర్చుని, అదీ కాకుంటే పడుకుని నమాజ్ చేసే వెసులుబాటు మన ధర్మంలో ఉంది. రమజాన్ ఉపవాసాలను ఆరోగ్యం కుదుటపడ్డాక పూర్తిచేసుకునే అనుమతి దివ్య ఖుర్ఆన్ ఇచ్చింది. అల్లాహ్ ఇచ్చిన సడలింపును నామోషీగా భావించే పెద్దలకు ఇంటివారే నచ్చజెప్పాలి.

పరామర్శ పుణ్యకార్యమే, కానీ పదిమంది గంటల తరబడి కూర్చుంటే రోగికి విశ్రాంతి ఉండదు, సేవ చేసే ఆమె టీలు కాచడంతోనే అలసిపోతుంది. వచ్చినవారు ఒక పూట వంట చేసి తెచ్చినా, ఆమెను ఒక గంట నిద్రపోనిచ్చినా అదే గొప్ప పరామర్శ.

మళ్లీ ఛాతీలో బిగువు, చెమటలు మొదలైతే రోగిని కూర్చోబెట్టి, వైద్యుడు రాసిచ్చిన మాత్రను నాలుక కింద పెట్టాలి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. ఆ మాత్ర ఇవ్వకపోయి ఉంటే అయిదు నిమిషాలు కూడా ఆగవద్దు. గల్ఫ్‌లోని కొడుకుకు ఫోన్ ఆ తరువాతే. డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీ ఒకే సంచిలో తలుపు దగ్గర తగిలించి ఉంచాలి, అంబులెన్సు వచ్చాక బీరువా తాళాలు వెతుక్కునే పని లేకుండా.