రోల్డ్‌గోల్డ్ ప్రొఫైళ్ళు

బందరు పక్కన చిలకలపూడి ఉంది. రాగి మీద సన్నటి బంగారు పూత వేసి నగలు చేస్తారక్కడ. మా అమ్మకీ ఒక గొలుసుంది, పెళ్ళిళ్ళకి వేసుకెళ్తుంది. ఎవరైనా పట్టుకుని చూస్తే "చిలకలపూడిదేనమ్మా" అని నవ్వుతూ చెప్పేస్తుంది. ఆ వ్యాపారంలో నాకు నచ్చేది అదే. గిల్టని చెప్పి అమ్ముతారు, గిల్టని తెలిసే కొంటారు. ఎవరూ మోసపోరు.

అదే పూత లింక్డ్‌ఇన్ ప్రొఫైళ్ళకీ, విదేశీ యూనివర్సిటీలకి పంపే ఎస్ఓపీలకీ వేస్తున్నాం. అక్కడ మాత్రం ఇరవై రెండు క్యారెట్లని చెప్తున్నాం.

ఇప్పుడీ గొడవ ఎందుకంటే, పోయిన సంక్రాంతికి మా పిన్ని కూతురి కొడుకు తన ఎస్ఓపీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాళ్ళది దివిసీమలో నాగాయలంక దగ్గర. బావ రొయ్యల చెరువు కౌలుకి చేస్తాడు. అల్లుడు ఈసీఈ అయిపోయి, జర్మనీలో మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నాడు. "మావయ్యా, ఒకసారి చూసిపెట్టు. కన్సల్టెన్సీ వాళ్ళే రాశారు, ఇంగ్లీషు బాగానే ఉంటుంది" అన్నాడు.

ఇంగ్లీషు బాగానే ఉంది. మనిషే లేడు. చిన్నప్పటినుంచీ టెక్నాలజీ అంటే ప్రాణమట. ఐదో ఏట ఇంట్లో రేడియో విప్పి చూశాడట. వాడికి ఐదేళ్ళొచ్చేసరికి ఆ ఇంట్లో రేడియోనే లేదు. లింక్డ్‌ఇన్‌లో పేరు కింద "ఐఓటీ విజనరీ, ఏఐ ఎంథూజియాస్ట్, చేంజ్ మేకర్" అని ఉంది. ఇరవై రెండేళ్ళవాడికి మూడు బిరుదులు.

మూడో పేరాలో వాళ్ళ నాయనమ్మ వచ్చింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని ముంచెత్తింది. కనీసం పదివేల ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి ఆవిడ తాటిచెట్టు పట్టుకుని బతికింది. చంకలో ఉన్న బిడ్డ మాత్రం దక్కలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు, ఆవిడా ఎత్తదు. నవంబర్లో ఒకరోజు అన్నం తినదు, అంతే. అది ఎస్ఓపీలో రెండు లైన్లు అయింది. దాని కింద "రెజిలియెన్స్ నా రక్తంలోనే ఉంది" అని ఇంకో లైను.

"ఇది ఎవరు పెట్టమన్నార్రా?"

"ఎమోషనల్ హుక్ ఒకటి కావాలన్నారు మావయ్యా. మీ ఏరియాలో ఏదైనా డిజాస్టర్ ఉందా అని అడిగారు. చెప్పాను."

నాకు కోపం వచ్చింది. తర్వాత ఇంకోటి గుర్తొచ్చింది. "మరి చెరువు దగ్గర పెట్టావే, ఆ డబ్బా సంగతి ఎక్కడా లేదేం?"

"రొయ్యల చెరువంటే ప్రొఫెషనల్‌గా ఉండదన్నారు."

ఆ డబ్బా సంగతి చెప్తాను. రొయ్యల చెరువులో ఏరేటర్లు నీళ్ళని చిలుకుతూ ఉండాలి. రాత్రంతా నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి, కాపలా మనిషి నిద్రపోయి, జనరేటర్ వెయ్యకపోతే రొయ్యలు పైకి తేలిపోతాయి. పెట్టుబడి మొత్తం పోయినట్టే. వీడు మూడో సంవత్సరంలో ఉండగా ఒక సిమ్ము, పాత బ్యాటరీ, చిన్న బోర్డు కలిపి, లైన్లో కరెంటు ఆగగానే బావకి ఫోన్ మోగేలా చేశాడు. రెండు పంటలు కాపాడింది. మూడోసారి వర్షంలో బ్యాటరీ తడిసి ఫోన్ మోగలేదు, సగం చెరువు పోయింది. అప్పుడు వీడు దాన్ని మార్చాడు. కరెంటు పోయినప్పుడు మోగడం కాకుండా, బాగానే ఉన్నానని గంటగంటకీ మెసేజ్ పంపుతుంది. మెసేజ్ రాలేదంటే ఏదో తేడా వచ్చిందని అర్థం. మా ఆఫీసులో సర్వర్ల కోసం మేం చేసే పని సరిగ్గా ఇదే. దీన్ని మేం హార్ట్‌బీట్ అంటాం. నాకెవరో నేర్పితే వచ్చింది. వాడికి పోయిన రొయ్యలు నేర్పాయి.

దాన్ని తీసేసి ఆ చోట్లో లేని రేడియో పెట్టారు.

నేనేదో పైనుంచి మాట్లాడుతున్నానని అనుకోవద్దు. 2012లో గుడివాడ బస్టాండు దగ్గర ఒక మేడ మీద గదిలో నా ఎస్ఓపీ కూడా ఇలాగే తయారైంది. అందులో నేను చిన్నప్పుడే ప్రోగ్రాములు రాసేవాణ్ణి. నిజానికి నేను కంప్యూటర్ ముట్టుకుంది ఇంజనీరింగ్ మొదటి ఏడాది ల్యాబులో. వీసా ఇంటర్వ్యూలో అందులోని ప్రాజెక్టు గురించి ఒక్క ప్రశ్న అడిగారు. నోరు పెగల్లేదు, వీసా రాలేదు. చాలాకాలం అవతలివాళ్ళని తిట్టుకున్నాను. నా గురించి నేనే చదివి గుర్తుపెట్టుకోవాల్సిన కాగితం తీసుకుని వెళ్ళానని ఒప్పుకోడానికి పదేళ్ళు పట్టింది. ఈ రోజుకీ నా ప్రొఫైల్లో "లెడ్" అని ఉన్నచోట నేను నడిపిందేమీ లేదు, నలుగురితో కలిసి చేశానంతే. ఈ వ్యాసం పంపేముందు అవి సరిచేశాను.

సాహిత్యం చదివేవాళ్ళకి ఇదంతా ఎందుకంటారా? ఈ తరం తెలుగు కుర్రాళ్ళు తమ గురించి తాము రాసుకునే ఆత్మకథ ఎస్ఓపీ ఒక్కటే. చాలామందికి జీవితంలో మొదటిదీ చివరిదీ అదే. అది కూడా వేరేవాళ్ళు రాస్తున్నారు, ఇప్పుడైతే చాట్‌జీపీటీ రాస్తోంది. కవితలో పోలిక అరువుదైతే పేజీలకి పేజీలు విమర్శ రాస్తాం. ఇక్కడ బతుకే అరువుదైతే "కెరీర్ విషయం కదా" అని వదిలేస్తున్నాం.

విమర్శకి కావాల్సిన సరుకంతా ఇందులో ఉంది. ఎస్ఓపీ కథకుడికి ఊరుండదు, ఓటమి ఉండదు. అందరికీ ఒకటే బాల్యం. ఈ జబ్బు మనదొక్కళ్ళదే కాదు. బ్రిటన్‌లో కాలేజీ దరఖాస్తులు చూసే యూకాస్ సంస్థ 2007లో వాటిని పోల్చి చూస్తే, 234 దరఖాస్తుల్లో ఒకే చిన్ననాటి ముచ్చట దొరికింది. అందరూ ఎనిమిదో ఏట ప్రయోగం చేస్తూ పైజామా కాల్చుకున్నవాళ్ళే! మన రేడియో ఆ పైజామాకి చుట్టం.

అయితే ఇక్కడినుంచి పోయినవాళ్ళంతా ఇలాగే పోయారా? గుడివాడ దగ్గర అంగలూరు నుంచి త్రిపురనేని రామస్వామి చౌదరి 1914లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. అక్కణ్ణించి బందరు కృష్ణాపత్రికకి వ్యాసాలు రాశారు. వెళ్ళినచోట ఉండి ఊరితో మాట్లాడారు. బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పిన పింగళి వెంకయ్యని జనం జపాన్ వెంకయ్య అన్నారు, పత్తి వెంకయ్య అన్నారు, డైమండ్ వెంకయ్య అన్నారు. ఆ బిరుదులు ఆయన తనకి తాను తగిలించుకున్నవి కావు. జపనీస్‌లో మాట్లాడితే, పత్తి మీద పరిశోధన చేస్తే, వజ్రాల గనుల గురించి చెప్తే చూసినవాళ్ళు పెట్టినవి.

వెంటనే మీరనే మాట నాకు తెలుసు. "ఆయన 1963లో పేదరికంలోనే పోయారు కదా, చెప్పుకోకపోతే ఎవరికి తెలుస్తుంది?" నిజమే. అందుకే ప్రొఫైల్ వద్దని నేననను. సాహిత్య సభల్లో లింక్డ్‌ఇన్‌ని వెక్కిరించేవాళ్ళతో నాకు అక్కడే పేచీ. వాళ్ళకి సిటీలో చుట్టాలుంటారు, సిఫార్సు చేసే ప్రొఫెసర్లుంటారు. కోడూరులోనో మోపిదేవిలోనో పుట్టినవాడికి ఆ పేజీ ఒక్కటే తలుపు. కొట్టొద్దని చెప్పడానికి మనమెవరం? తన పేరు చెప్పి కొట్టమంటున్నానంతే.

చెప్పకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు చిక్కుకున్నవాళ్ళలో తెలుగు పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్ళకి ట్రాకింగ్ పట్టీలు కట్టారు. 2019లో ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీని అమెరికా ప్రభుత్వమే పెట్టి పట్టుకుంటే, అక్కడా మనవాళ్ళే కనిపించారు. కాగితం మీద ఒకటి, బతుకులో ఇంకోటి నడపడం మామూలే అని వాళ్ళకి చెప్పిన గొంతులు ఊళ్ళోనే మొదలయ్యాయి. రేడియో అబద్ధం చిన్నదే. కానీ అలవాటు అక్కడే పడుతుంది. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకి వెళ్ళేవాళ్ళు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టాలని అమెరికా అడుగుతోంది. ప్రొఫైల్లో ఒక మనిషి, ఫేస్‌బుక్‌లో ఇంకో మనిషి ఉంటే ఇక రెండూ పక్కపక్కనే కనపడతాయి.

సంక్రాంతి మూడు రోజులూ అల్లుడూ నేనూ కూర్చున్నాం. ఒకటే షరతు పెట్టుకున్నాం. ప్రతి వాక్యం ముందు తెలుగులో మీ నాన్నకి చెప్పు. ఆయన "అవున్రా" అంటే ఇంగ్లీషులో రాద్దాం. "విజనరీ" దగ్గర బావ అర్థం కాక నా వైపు చూశాడు, కొట్టేశాం. నాయనమ్మ పేరా తీసేశాం, అది ఆవిడది. మొదటి వాక్యం ఇలా తేలింది: "మా నాన్న చెరువులో తెల్లవారుజామున కరెంటు పోతే మా ఇంట్లో ఎవరూ నిద్రపోరు."

వర్షంలో డబ్బా మోగని రాత్రి గురించి రాయాలా వద్దా అని వాడు తటపటాయిస్తుంటే, మంచం మీంచి నాయనమ్మ అంది: "అదీ రాయరా. పోయింది చెప్పకపోతే, మిగిలింది ఎవడు నమ్ముతాడు?"

యూనివర్సిటీ నుంచి ఇంకా జవాబు రాలేదు. సీటు రాకపోవచ్చు కూడా. ఇంటర్వ్యూలో ఏం అడిగినా వాడికి జవాబు తెలుసు, నాకు ఆ ధైర్యం చాలు. మీ ఇంట్లోనో వీధిలోనో ఇలాంటి పిల్లలు ఉండే ఉంటారు. పుస్తకాల గురించి ఇంత మాట్లాడతాం కదా, ఈసారి ఒక ఆదివారం వాళ్ళ పక్కన కూర్చోండి. కన్సల్టెన్సీ అడగని ప్రశ్న ఒక్కటి అడగండి: "నువ్వు నిజంగా ఏం చేశావురా?"